కర్ట్ కొబేన్‌ను వంతెన కింద వెతకకండి

ఏటా ఏప్రిల్ 5న, అమెరికన్ రాక్ బృందం నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ వర్ధంతి వచ్చిందంటే నా ఫేస్‌బుక్ నిండా ఒకే పోస్టు నాలుగైదు వేషాల్లో తిరుగుతుంది. ఒక నలుపు తెలుపు ఫొటో, కళ్ల మీద పడుతున్న జుట్టు, దాని కింద అందరికీ కంఠతా వచ్చిన కథ: చిన్నప్పుడే తల్లిదండ్రులు విడిపోయారు, ఇంట్లో చోటు లేక వంతెన కింద పడుకున్నాడు, ఆ బాధే పాటై ప్రపంచాన్ని ఊపేసింది, ఇరవై ఏడేళ్లకే వెళ్లిపోయాడు. కింద వ్యాఖ్యల్లో ఎవరో ఒకరు 'గాయం లేనిదే గేయం లేదు' అని తీర్పు చెబుతారు, వంద మంది దాన్ని మెచ్చుకుంటారు. ఇన్నేళ్లుగా చూసీ చూడనట్టు ఊరుకున్నాను గానీ, ఈసారి నా అభిప్రాయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కర్ట్ కొబేన్ బాల్యం గురించి మనం చెప్పుకుంటున్న కథలో అబద్ధాల కంటే మరుపు ఎక్కువగా ఉంది, ఆ మరుపులో పడి కొట్టుకుపోయినవాళ్లంతా అతనికి ఏదో ఒకటి చేతికిచ్చినవాళ్లే.

అతనికి కష్టాలే లేవని నేను అనడం లేదు. 1967 ఫిబ్రవరి 20న వాషింగ్టన్ రాష్ట్రంలోని అబర్డీన్ అనే ఊళ్లో, కారు మెకానిక్‌గా పనిచేసే తండ్రికీ, హోటల్లో వడ్డన చేసే తల్లికీ పుట్టాడు. తొమ్మిదేళ్ల వయసులో వాళ్లు విడాకులు తీసుకున్నప్పుడు బళ్లో స్నేహితుల ముఖం చూడడానికి కూడా సిగ్గేసిందని పెద్దయ్యాక తనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత తండ్రి దగ్గర కొన్నాళ్లు, తల్లి దగ్గర కొన్నాళ్లు, బంధువుల ఇళ్లలో కొన్నాళ్లు గడిచాయి. చివరికి 1985లో, స్నాతకోత్సవం ఇంకా రెండు వారాలుందనగా, ఎటూ పాసవడని తేలిపోయి చదువు మానేశాడు. ఇవన్నీ నిజాలే. అయితే కలప మీద బతికిన ఆ ఊళ్లో మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడుతున్న కాలమది. తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలు, చేతిలో పనిలేని తండ్రులు, ఎడతెరిపి లేని వాన, వీటికి అక్కడ కొదవేమీ లేదు. బాధే సంగీతాన్ని పుట్టించేటట్లయితే ఆ ఊరి నుంచి వీధికో బృందం బయలుదేరి ఉండాలి.

వంతెన సంగతి ముందే తేల్చేద్దాం. విష్కా నది మీది ఆ చిన్న వంతెన కింద కొన్నాళ్లు బతికానని కర్ట్ స్వయంగా చెప్పుకున్నాడు, ఒక పాటలో దాన్ని చిరస్థాయిగా నిలబెట్టాడు. అతనితో కలిసి నిర్వాణా బృందాన్ని కట్టిన క్రిస్ట్ నోవసెలిక్ మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. కర్ట్ అక్కడ తిరిగిన మాట నిజమేననీ, కానీ ఆటుపోట్లకు నీళ్లు ఎక్కుతూ దిగుతూ ఉండే ఆ బురద గట్టు మీద మనిషి కాపురం ఉండలేడనీ అన్నాడు. సముద్రపు పోటు లోపలికి తన్నే కాలువ గట్టున ఎప్పుడైనా నిలబడినవారికి ఆ మాటలోని సబబు విడమరిచి చెప్పనక్కరలేదు. కర్ట్ మంచి కథకుడు, తన బాల్యాన్ని కూడా పాటలాగే దిద్దుకున్నాడు. తాను చూసిన మొదటి కచేరీ పంక్ (వేగంగా, మొరటుగా వాయించే రాక్) బృందమైన బ్లాక్ ఫ్లాగ్‌దని చెప్పుకునేవాడు గానీ, దానికి ముందు ఏడాదే సియాటిల్‌లో స్యామీ హేగర్ అనే జనాకర్షక హార్డ్ రాక్ గాయకుడి కచేరీకి వెళ్లాడు. పంక్ కుర్రాడికి అది చెప్పుకోదగ్గ ముచ్చట కాదు మరి. అతను దిద్దుకున్నాడని నాకు కోపం లేదు. ఆ దిద్దుబాటును మనం జీవితచరిత్రగా చదువుకోవడమే నాకు మింగుడుపడనిది.

ఇక అసలు విషయానికి వస్తాను. కర్ట్‌కు మేరీ అని ఒక పిన్ని ఉండేది. ఆమె స్వయంగా గిటార్ వాయిస్తూ పాడేది, ఇంట్లో రికార్డింగ్ సామగ్రి పెట్టుకునేది. మాటలు సరిగా రాని వయసులో ఆ పిల్లవాడు పాడిన పాటలను టేపుకెక్కించింది ఆమే. 1982 డిసెంబరులో, పదిహేనేళ్ల కర్ట్ సియాటిల్ దగ్గరున్న ఆమె ఇంటికి వెళ్లి తన మొదటి టేపు చేసుకున్నాడు. డ్రమ్ములు లేవు కాబట్టి ఖాళీ సూట్‌కేసును ముందు పెట్టుకుని కర్ర గరిటెలతో వాయించాడు. ఆ దృశ్యాన్ని ఒక్క క్షణం ఊహించండి. మన ఇళ్లలో పదో తరగతి పిల్లవాడు పెట్టె మీద గరిటెలతో దరువేస్తే పోపు మాడేలోపు వంటింట్లోంచి కేక వినబడుతుంది. ఆ ఇంట్లో అతనికి మైకు అందించారు. మూడేళ్ల తర్వాత, మెల్విన్స్ బృందపు డ్రమ్మరు డేల్ క్రోవర్‌ను వెంటబెట్టుకుని, ఫీకల్ మ్యాటర్ అనే పేరుతో మరో టేపు చేసినదీ ఆ పిన్ని ఇంట్లోనే. నిర్వాణాకు పునాది పడింది ఆ టేపుతోనే అని ఎందుకంటున్నానో కింద చెబుతాను.

చక్ అనే మేనమామ కూడా ఉండేవాడు, స్థానిక బృందంలో వాయించేవాడు. పద్నాలుగో పుట్టినరోజుకు సైకిలు కావాలా, పాత గిటార్ కావాలా అని మేనల్లుణ్ణి అడిగాడు, కుర్రాడు గిటారే తీసుకున్నాడు. మామ బృందంలోని గిటారిస్టు కొద్ది నెలలు పాఠాలు చెప్పాడు, ఆ తర్వాత అతనికి ఎవరూ నేర్పవలసిన అవసరం రాలేదు. మన వర్ధంతి పోస్టుల్లో ఎప్పుడూ దుష్టపాత్ర వేసే తండ్రిని కూడా ఇక్కడ తలచుకోవాలి. ఆయన టపాలో రికార్డులు పంపే క్లబ్బులో చేరడం వల్లనే బ్లాక్ సబాత్, లెడ్ జెప్లిన్ వంటి బృందాలు ఆ ఇంటి గుమ్మం దాకా నడిచొచ్చాయి. కర్ట్ గిటార్‌లో ఆఖరి దాకా వినిపించిన ఆ బరువు ఎక్కడిదని అడిగితే, నేను మొదట ఆ అట్టపెట్టెల వైపే వేలు చూపిస్తాను.

పంక్ మాత్రం అతనికి చాలా ఆలస్యంగా అందింది, అందిన తీరు మరీ ముచ్చటైనది. పత్రికల్లో పంక్ గురించి చదివి ఆ సంగీతం ఎలా ఉంటుందో బుర్రలోనే ఊహించుకుంటూ ఉండేవాడు, ఎందుకంటే ఆ ఊళ్లో వినడానికి దారి లేదు. చివరికి ఊరి గ్రంథాలయంలో దొరికింది ఒకే ఒక్కటి, ద క్లాష్ బృందం వెలువరించిన మూడు రికార్డుల 'శాండినిస్టా'. అందులో రెగె ఉంది, జాజ్ ఛాయలున్నాయి, పిల్లల గొంతులున్నాయి, ఇతను ఊహించుకున్న రంపపు కోత మాత్రం లేదు. పంక్ అంటే ఇదేనా అని ఉసూరుమన్నాడు. తాను పంక్‌లోకి రావడం ఆలస్యం కావడానికి ఆ రికార్డే కారణమని తర్వాత నిష్ఠూరమాడాడు కూడా. (నాకు ఆ రికార్డు ప్రాణం, కానీ అతని బాధ నాకర్థమవుతుంది.)

అప్పుడు రంగంలోకి దిగినవాడు బజ్ ఆస్బోర్న్. పక్క ఊరు మాంటెసానోలో థ్రిఫ్ట్‌వే అనే కిరాణా దుకాణంలో పనిచేస్తూ, మెల్విన్స్ అనే బృందం నడిపేవాడు. 1983 వేసవిలో ఆ దుకాణం వెనుక, బళ్లు నిలిపే స్థలంలో, వాళ్లు ఉచితంగా వాయించారు. మిగతా కుర్రాళ్లు తెలిసిన హార్డ్ రాక్ పాటలు వాయించమని విసుక్కుంటుంటే, సంగీతాన్ని ఇంత వేగంగా వాయించవచ్చా అని నోరు తెరుచుకు చూసిన కర్ట్, తాను వెతుకుతున్నది ఇదేనని తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. బజ్ అంతటితో ఆగలేదు. బ్లాక్ ఫ్లాగ్, ఫ్లిప్పర్ వంటి బృందాల పాటలు ఏర్చి కూర్చి టేపుల మీదకెక్కించి ఇతని చేతిలో పెట్టాడు. కర్ట్ తన దగ్గరున్న పాత రికార్డులు అమ్మి, ఆ డబ్బుతో 1984లో బ్లాక్ ఫ్లాగ్ కచేరీకి సియాటిల్ వెళ్లాడు. ఆ మెల్విన్స్‌లోనే చేరదామని పరీక్షకు వెళ్లి, బెదురుతో పాటలన్నీ మరిచిపోయి తిరిగొచ్చాడట. ఈ ముక్కను ఒక్క వర్ధంతి పోస్టులోనూ నేను చూడలేదు, ఎందుకంటే ఇందులో కన్నీళ్లు లేవు, నవ్వొస్తుంది.

ఆ టేపుల గురించి నేను ఇంతగా చెప్పడానికి సొంత కారణం ఒకటుంది. నిర్వాణా నాకు పరిచయమైనది 1998లో, హాస్టల్లో పక్క గది సీనియర్ ఒకాయన ఇచ్చిన క్యాసెట్‌తో. వాళ్లింట్లోని ఘంటసాల భగవద్గీత మీద ఆయన దాన్ని రికార్డు చేసుకున్నాడు. గిటార్ల హోరు ఆగిన మరుక్షణం, ఏ హెచ్చరికా లేకుండా, ఒక శ్లోకం సగంలోంచి మొదలయ్యేది. నేటికీ ఆ పాట ఎక్కడ విన్నా, చివర్లో నా చెవి ఘంటసాల గొంతు కోసం చూస్తుంది. అరువిచ్చిన టేపు మనిషికి ఏం చేయగలదో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

క్రిస్ట్ కథ కూడా టేపు కథే. పిన్ని ఇంట్లో చేసిన ఆ ఫీకల్ మ్యాటర్ క్యాసెట్‌ను కర్ట్ అతని చేతికిస్తే, చాలా కాలం దాన్ని వినకుండా పక్కన పడేశాడు. ఒకరోజు విన్నాక, బృందం కడదాం పద అన్నాడు. క్రొయేషియా నుంచి వలస వచ్చిన క్రిస్ట్ తల్లి ఊళ్లో హెయిర్ సెలూన్ నడిపేది, దాని మేడ మీదే వీళ్లు సాధన చేసేవారు. 1987లో కర్ట్ ఒలింపియాకు మారి ప్రియురాలు ట్రేసీ మరాండర్‌తో కలిసి ఉన్నాడు. ఆమె రాత్రి షిఫ్టుల్లో పనిచేస్తూ ఇల్లు నెట్టుకొస్తుంటే ఇతను ఇంట్లో కూర్చుని బొమ్మలు వేశాడు, పాటలు కట్టాడు. ఆ ఊళ్లోని ఎవర్‌గ్రీన్ కళాశాల రేడియో, కాల్విన్ జాన్సన్ నడిపిన కే రికార్డ్స్ అనే రికార్డుల సంస్థ, ఇవి అతనికి మరో పాఠం చెప్పాయి: గొంతు గట్టిగా లేకపోయినా, వాయిద్యం సరిగా రాకపోయినా, పాట నిజాయతీగా ఉంటే చాలునని. ఆ సంస్థ గుర్తును అతను ముంజేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు.

మరి బాధ ఏం చేసింది అంటారా? అతని పాటల్లోని మాటల్లో అది ఉంది, కాదనను. కానీ ఆ నిశ్శబ్దం నుంచి హోరుకు ఎగబాకే నిర్మాణం పిక్సీస్ అనే బృందం నుంచి తెచ్చుకున్నానని, తన అత్యంత ప్రసిద్ధమైన పాటలో వాళ్లను అనుకరించబోయానని అతనే బాహాటంగా ఒప్పుకున్నాడు. బీటిల్స్ తొలినాళ్ల రికార్డును ఒక పూటంతా విని, మొదటి ఆల్బమ్‌లోని అతి తియ్యటి పాట రాశాడు. బాధ ఇవ్వనివాటిని బాధ ఖాతాలో రాయడం మానేద్దామనే నేను అంటున్నాను. హెరాయిన్, ఏళ్ల తరబడి వేధించిన కడుపు నొప్పి, కుంగుబాటు అతని సంగీతాన్ని తయారు చేయలేదు, ఆపేశాయి.

తీసుకున్నది ఎవరి దగ్గర తీసుకున్నాడో అతను ఎన్నడూ దాచలేదు. 1993 నవంబరు 18న న్యూయార్క్‌లో ఎమ్‌టీవీ కోసం వాయించిన 14 పాటల్లో ఆరు ఇతరులవి. తమను ప్రపంచానికి పరిచయం చేసిన పాటను ఆ రాత్రి ముట్టుకోనే లేదు. దానికి బదులు మీట్ పపెట్స్ అనే బృందం అన్నదమ్ములను వేదిక మీదికి పిలిచి, వాళ్లవే మూడు పాటలు వాళ్ల గిటార్లతోనే పాడాడు. చివరి పాటకు ముందు పాతతరం జానపద, బ్లూస్ గాయకుడు లెడ్‌బెల్లీ పేరు చెప్పి, తనకు అన్నిటికన్నా ఇష్టమైన కళాకారుడని పరిచయం చేశాడు.

నాకు అన్నిటికంటే నచ్చే సంగతి మాత్రం 1992లో నిర్వాణా 'ఇన్‌సెస్టిసైడ్' రికార్డు అట్ట మీద అతను రాసుకున్నది. అప్పటికే ప్రపంచమంతా తెలిసిన మనిషి, తన దగ్గర అరిగిపోయిన, రెయిన్‌కోట్స్ అనే బృందం రికార్డుకు మారుగా మరొకటి వెతుక్కుంటూ లండన్‌లో రికార్డుల దుకాణానికి వెళ్లాడు. అక్కడ దొరకలేదు. ఆ బృందానికి చెందిన అనా డ సిల్వా దగ్గర్లోనే బంధువుల పాత వస్తువుల దుకాణంలో పనిచేస్తోందని ఎవరో చెబితే, అడుగుతూ అడుగుతూ అక్కడికి వెళ్లి, మొహమాటపడుతూ తన కోరిక చెప్పుకున్నాడు. కొన్ని వారాల తర్వాత అతని పేరున ఒక పార్సిల్ వచ్చింది. అందులో ఆ రికార్డు, జిరాక్స్ తీసిన పాటల సాహిత్యం, ఫొటోలు, బృంద సభ్యుల సంతకాలు ఉన్నాయి. రోజూ వేల మంది ముందు పాడడం కంటే ఆ పార్సిల్ తనకు ఎక్కువ సంతోషమిచ్చిందని అతను ఆ అట్ట మీద రాశాడు.