పళ్ళు తెల్లబరిచే నీలి లైటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నీలి లైటు గారి సముఖానికి, విశాఖపట్నం నుంచి పళ్ళ పని తెలిసినవాళ్ళం నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఆశీల్‌మెట్ట నుంచి ఎంవీపీ కాలనీ దాకా అద్దాల క్లినిక్కుల్లోనూ, కొరియర్ డబ్బాలో దిగి ఫోన్ చార్జర్‌కి వేలాడుతూ ఇళ్ళల్లోనూ ఏకకాలంలో వెలుగుతున్నారని విని సంతోషించాం. రిషికొండలో పెళ్ళి ఫొటోలు పెట్టుకున్న ప్రతి జంటా అడిగేది ఒకటే ప్రశ్న: ఇంట్లో చేసుకోవాలా, డాక్టరు దగ్గరికి వెళ్ళాలా? ఆ అడగడంలోనే ఎక్కడ చేయించుకున్నా పనిచేసేది తమరేనన్న నమ్మకం కనిపిస్తుంది. క్లినిక్‌లో పెద్ద లైటు, ఇంట్లో చిన్న లైటు, అంతే తేడా అనుకుంటున్నారు. ఆ కీర్తి తమరికెలా దక్కిందో విచారిద్దామనే ఈ ఉత్తరం.

పన్ను తెల్లబడేది పెరాక్సైడ్ అనే రసాయనం వల్ల. అది పన్ను పైపొర ఎనామెల్‌ గుండా లోపలికి దిగి, రంగు పట్టిన పెద్ద అణువులను ముక్కలు చేస్తుంది. ఇంట్లో పళ్ళకు తొడుక్కునే ట్రేలో వాడే కార్బమైడ్ పెరాక్సైడ్ విడిపోతే అందులో మూడో వంతు హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. అంటే డబ్బా మీద 10 శాతం కార్బమైడ్ అని ఉంటే అసలు సరుకు సుమారు 3.5 శాతం. క్లినిక్‌లో పళ్ళకు రాసేది 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. 16 అంకె పెద్దదా 6 అంకె పెద్దదా అని డబ్బాలు పోల్చుకుని మోసపోయేవాళ్ళు ఎక్కువ. ముందు ఏ పెరాక్సైడో చదవాలి. యూరప్‌లో 2012 నుంచి 6 శాతం దాటిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పళ్ళు తెల్లబరచడానికి అమ్మకూడదు. 0.1 నుంచి 6 శాతం మధ్యవైతే ప్రతి విడతలో మొదటిసారి డెంటిస్టు చేతి మీదుగా జరగాలి, పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు అసలు వాడకూడదు.

ఇందులో తమరి వాటా ఎంత? లైటు వేసిన పళ్ళనూ వేయని పళ్ళనూ పోల్చిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలు, చివరికి తేలే రంగులో చెప్పుకోదగ్గ తేడా లేదంటున్నాయి. దీపం వేడిదైతే పన్ను లోపలి నరానికి వేడి తగిలి జివ్వుమనడం మాత్రం పెరుగుతుంది. ఇంటి కిట్‌లోని తమరి చిన్న అవతారం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫోన్ చార్జర్ మీద బతికే ఆ నాలుగు బుడ్డి దీపాలు నోరు కనబడేలా చేస్తాయి. అదీ సేవే.

తమరి పుట్టుకకు ముందే ఈ విద్య నడిచిందని గుర్తుచేయడం మా విధి. 1960ల చివర్లో అమెరికాలోని ఆర్కాన్సాలో బిల్ క్లుస్మియర్ అనే డాక్టరు చిగుళ్ళ మంట తగ్గడానికి పెరాక్సైడ్ మందును ట్రేలో వేసి రాత్రిపూట పెట్టుకోమంటే, చిగుళ్ళు బాగుపడటంతో పాటు పళ్ళూ తెల్లబడ్డాయి. 1989లో హేవుడ్, హేమన్ అనే డెంటిస్టులు ఆ రాత్రి ట్రే పద్ధతిని పత్రికలో ప్రచురించారు. చీకట్లో, నిద్రలో, దుప్పటి కింద తెల్లబడ్డ పళ్ళవి.

మరి కుర్చీలోంచి లేవగానే అద్దంలో మెరుపెలా వస్తోందంటారా? నోరు గంటసేపు తెరిచి ఉంచి, పెదాలు లాగి పట్టుకుంటే పళ్ళు ఎండిపోతాయి. ఎండిన ఎనామెల్ సున్నం కొట్టినట్టు కనబడుతుంది. ఉమ్మి తగిలి మళ్ళీ తడిసేసరికి ఒకటి రెండు రోజుల్లో ఆ మెరుపులో కొంత దిగిపోతుంది. ‘ముందు–తర్వాత’ ఫొటోలు సరిగ్గా ఆ గంటలోనే ఎందుకు తీస్తారో తమరికి తెలియంది కాదు. నిజాయతీగా లెక్క చూసుకోవాలంటే మొదలుపెట్టకముందు పన్ను తడిగా ఉండగా షేడ్ గైడ్‌తో, అంటే పళ్ళ రంగుల నమూనా పట్టీతో, పోల్చి రంగు రాసుకుని, ముగిసిన రెండు వారాలకు అదే వెలుతురులో మళ్ళీ చూడాలి. ఆ లెక్క నచ్చక చాలామంది అడగరు, క్లినిక్కులూ గుర్తుచేయవు.

క్లినిక్‌లో డబ్బు దేనికి పెట్టాలంటే, మొదట నోరు చూడటానికి. గార పేరుకున్న పళ్ళకు బ్లీచింగ్ అంటే బురద మీద ముగ్గేయడం. ముందు స్కేలింగ్ చేయించుకుని గార తీయిస్తే కాఫీ మరకా, కిళ్ళీ ఎరుపూ, క్లోరెక్సిడిన్ మౌత్‌వాష్ పట్టించిన గోధుమ రంగూ అక్కడే పోతాయి. కొందరికి ఆ పైన బ్లీచింగ్ అవసరమే అనిపించదు. పిప్పి పన్ను ఉంటే ముందు దాన్ని పూడ్పించాలి, లేకపోతే ఆ గుంటలోంచి జెల్ నరం దాకా వెళ్ళి పగటి చుక్కలు చూపిస్తుంది. క్యాపులూ, పళ్ళలో పూడ్చిన సిమెంట్లూ తెల్లబడవు. చిగురు దిగిపోయి బయటపడ్డ వేరు భాగం తెల్లబడదు. పసుపు, గోధుమ ఛాయలు బాగా దిగుతాయి, బూడిద రంగు మొండిది. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ మందు పట్టించిన చారలకు రోజులు చాలవు, నెలలు కావాలి. ప్రకాశం వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళకు గోధుమ మచ్చలు కొంత తగ్గినా, తెల్ల మచ్చలు మొదట్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఆ సంగతి ముందే చెప్పని డాక్టరు తర్వాత చెప్పేదంతా సంజాయిషీ కిందికే వస్తుంది. ఒక్క పన్నే నల్లబడితే దానికి ఎక్స్‌రే కావాలి. పాత దెబ్బకు నరం చచ్చిపోయి ఉండొచ్చు. అలాంటి పన్నుకు రూట్ కెనాల్ చేసి తెల్లబరిచే మందును సాధారణంగా లోపల పెడతారు. ఇక ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ కాల్చే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకునే ఆ అలవాటు ఉంటే పళ్ళ రంగు మాట పక్కన పెట్టి అంగిలి చూపించుకోవాలి. అక్కడ పుట్టే తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ క్యాన్సర్‌కు దారి తీయొచ్చు.

కుర్చీలో జరిగే పనిలో అసలు నైపుణ్యం చిగుళ్ళ కాపలాలో ఉంది. పెదాలకు వాజలీన్ రాసి, చెంపలు లాగి పట్టే క్లిప్పు పెట్టి, పళ్ళు గాలితో ఆరబెట్టి, చిగురు అంచు వెంబడి నీలం రెజిన్‌ను (లైటు తగిలితే గట్టిపడే జిగురును) పన్ను మీదికి అర మిల్లీమీటరు ఎక్కేలా పూయాలి. సందు మిగిలితే జెల్ కారి చిగురు పాలిపోతుంది, మండుతుంది. కడిగేస్తే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది గానీ ఆ మంట మరపురాదు. మత్తు ఇంజెక్షన్ ఇవ్వకపోవడం మంచిది. మంట పుడితే చెప్పాల్సింది పేషెంటే కదా. జెల్ ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన రాసి, కంపెనీ చెప్పిన నిమిషాలు ఉంచి, ముందు సక్షన్‌తో లాగేసి ఆ తర్వాతే నీళ్ళు కొట్టాలి. ఇలా మామూలుగా మూడు విడతలు. పెరాక్సైడ్ నిమిషాల్లోనే నరం దాకా చేరుతుంది కాబట్టి ఆ రాత్రి పళ్ళు ఉండుండి జివ్వుమంటాయి.

ఇంటి కిట్ సంగతికొస్తే, తమరితో పాటు డబ్బాలో వచ్చే ఆ రబ్బరు ట్రే ఎవరి నోటి కొలతా కాదు. జెల్ పళ్ళ మీద నిలవదు. చిగుళ్ళ మీదికి పోతుంది, మిగిలింది గొంతులోకి. పైగా మే నెల ఎండలో కొరియర్ వ్యాన్‌లో మగ్గిన జెల్‌లో పెరాక్సైడ్ ఎంత మిగిలిందో ఆ డబ్బాకే తెలియాలి. జెల్ సిరంజిని ఫ్రిజ్‌లో పెట్టుకోవాలన్నది మన ఉక్కపోత ఊరికి రెండింతలు వర్తిస్తుంది. ఇంకా చవగ్గా పోదామని పూర్ణా మార్కెట్ నిమ్మకాయను పళ్ళకు రుద్దేవాళ్ళు వేరే ఉన్నారు. ఎనామెల్ కరగడం మొదలయ్యేది పీహెచ్ 5.5 దగ్గర, నిమ్మరసం 2 నుంచి 3 మధ్య; ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పైపొర పల్చబడితే కింద ఉన్న డెంటిన్ బయటకు తొంగిచూస్తుంది, దాని సొంత రంగే పసుపు. బొగ్గుపొడిదీ అదే దారి, కాకపోతే గీసుకుంటూ పోతుంది. సిమెంటు అంచుల్లో నల్ల గీత ఉచితం. వంటసోడా మాత్రం పాపం అంత గరుకు కాదు, పైపై మరక తీసి ఊరుకుంటుంది.

ఇల్లా, క్లినిక్కా అన్న తగువులో ఎవరూ పలకని మూడో దారి ఉంది: కొలత క్లినిక్‌లో, పని ఇంట్లో. ఆల్జినేట్ అనే ముద్దతో పళ్ళ కొలత తీసి, రాయిలా గట్టిపడే ప్లాస్టరుతో అచ్చు పోసి, సుమారు ఒక మిల్లీమీటరు మందం మెత్తని షీట్‌ను వేడిచేసి వ్యాక్యూమ్ మెషీన్ మీద లాగుతారు. అంచు గరుకు లేకుండా కత్తిరిస్తే ట్రే తయారు. ఒక్కో పన్ను ముందు వైపున బియ్యపు గింజంత 10 శాతం కార్బమైడ్ జెల్ చాలు. ట్రే నింపేస్తే తెలుపు పెరగదు, చిగుళ్ళే కాలతాయి. పొంగినది వేలితోనో మెత్తని బ్రష్‌తోనో తుడిచేయాలి. రాత్రంతా, కుదరకపోతే రెండు గంటలు. పై పళ్ళు ముందు చేస్తే కింది వరస పోల్చుకోడానికి పాత రంగులోనే ఉంటుంది. ఇది చాలామంది డాక్టర్లు చెప్పని చక్కని చిట్కా. రెండు మూడు వారాల్లో పని అవుతుంది, కోరపళ్ళు కాస్త వెనకబడతాయి. జివ్వుమంటే రోజు విడిచి రోజు పెట్టుకోవాలి, లేదా 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టును అదే ట్రేలో పది నుంచి ముప్పై నిమిషాలు ఉంచాలి. ట్రే దాచుకుంటే ఏడాదికో రెండేళ్ళకో రెండు మూడు రాత్రులతో మళ్ళీ రంగు తెచ్చుకోవచ్చు. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ ఈ పని తర్వాతకు వాయిదా వేసుకోవాలి.

ముహూర్తం పెట్టుకున్నవాళ్ళు కనీసం ఆరు వారాలు ముందు మొదలుపెట్టాలి. మొదటి వారం స్కేలింగ్, పిప్పి పన్ను పని. తర్వాత మూడు వారాలు ట్రే. ఆపైన రెండు వారాలు ఖాళీ, ఎందుకంటే పన్నులో మిగిలిన ఆక్సిజన్ కొత్త సిమెంటును సరిగా అంటుకోనివ్వదు. ముందు పళ్ళ పాత సిమెంట్లను కొత్త రంగుకు మార్పించేది ఆ తర్వాతే. పెళ్ళి వచ్చే బుధవారమే అంటే కుర్చీ పద్ధతే గతి. చేయించుకున్నాక రెండు రోజులు అరకు కాఫీ, పులిహోర, బీచ్ రోడ్డు మురీ మిక్చర్ జోలికి పోకుండా ఉండటం మేలు.

కోపంతో రాస్తున్నామనుకోకండి, తమరి వంశంలో పనిమంతుడు ఒకడున్నాడు. సిమెంటు గట్టిపరిచే చిన్న గన్ లైటు. చిగుళ్ళ మీది నీలం రెజిన్ కొన్ని సెకన్లలో గట్టిపడేది దాని చలవే, అది లేకపోతే ఆ కాపలాయే నిలవదు. దాని దగ్గర తమరు నాలుగు రోజులు శిక్షణ పొంది రావాలని కోరిక. రాలేకపోతే బిల్లులో ‘లైట్ చార్జీ’ అని తమరి పేరున వేసే వరస కొట్టేయించండి.

ఇట్లు,
తమరి వెలుగులో కళ్ళు నులుముకుంటున్న
పళ్ళ పనివాళ్ళు, విశాఖపట్నం

తా.క.: కిట్ ఇప్పటికే కొన్నవాళ్ళకు తమరిని పారేయవద్దనే చెబుతున్నాం. కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంక్‌కి తగిలించి నోట్లో పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ.