పాట ముందా, తుపాకి ముందా?

గ్యాంగులు, డ్రగ్స్, పోలీసుల గురించి పాడే గ్యాంగ్‌స్టా ర్యాప్ విని నల్లజాతి పిల్లలు పాడైపోయారనీ, ఆ పాటలే లేకపోతే వాళ్ల పేటలు బాగుండేవనీ అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లలో చాలామంది గట్టిగా నమ్ముతారు. తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలో, వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట విని విని విసుగొచ్చింది. అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, తమ పిల్లలు ఏమైపోతారోనన్న టెన్షన్‌తోనే అంటారు. అయినా ఆ మాట తప్పు. ఎంత తప్పో తెలియాలంటే ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని చూస్తే చాలు.

1985 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ పోలీసులు ఒక కొత్త బండిని రోడ్డెక్కించారు. దాని పేరు బ్యాటర్‌రామ్. యుద్ధానికి వాడే సాయుధ వాహనానికి ముందు పొడుగాటి ఉక్కు దూలం బిగించారు. మొదటిసారి దాంతో ఆ నగరంలోని పకోయిమా పేటలో ఒక ఇంటి గోడను గుద్ది కూల్చారు. అది డ్రగ్స్ అమ్మే ఇల్లని వాళ్ల అనుమానం. లోపల చూస్తే ఇద్దరు ఆడవాళ్లు, కొందరు పిల్లలు ఐస్‌క్రీమ్ తింటున్నారు. ఆ ఏడాదే లాస్ ఏంజెలెస్ పక్కనున్న కాంప్టన్ ఊరి కుర్రాడు, ర్యాపర్ టాడీ టీ ఆ బండి మీద పాట కట్టాడు. ముందు వచ్చింది పోలీసు బండి, పాట దాని వెనకాల వచ్చింది.

ఇంకో తేదీ చెప్తాను. 1988 ఆగస్టు 1. లాస్ ఏంజెలెస్‌లో 39వ వీధి, డాల్టన్ అవెన్యూ దగ్గర రెండు అపార్ట్‌మెంట్ బిల్డింగుల మీద దాదాపు 80 మంది పోలీసులు పడ్డారు. కారణం మళ్లీ డ్రగ్సే. సుత్తులతో గోడలు పగలగొట్టారు. టాయిలెట్లు బద్దలుకొట్టారు. జనం కట్టుకునే బట్టల మీద బ్లీచ్ కుమ్మరించారు. పోతూపోతూ అక్కడి రాజ్యం తమదేనని స్ప్రే పెయింట్‌తో గోడ మీద రాశారు. ఆ ఇళ్లు ఎంత నాశనమయ్యాయంటే, వరద బాధితులకు సాయం చేసినట్టు రెడ్‌క్రాస్ వాళ్లొచ్చి అక్కడి కుటుంబాలకు తలదాచుకునే చోటు చూపించాల్సి వచ్చింది. ఇంతా చేసి దొరికింది కొంచెం గంజాయి, ఔన్సు కూడా తూగని కొకైన్. తర్వాత సిటీ 30 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టుకుంది.

కాంప్టన్ కుర్రాళ్ల ర్యాప్ గ్రూపు ఎన్.డబ్ల్యూ.ఏ. తమ ఆల్బమ్ 'స్ట్రెయిట్ ఔటా కాంప్టన్' తెచ్చింది ఆ రోజుల్లోనే. అందులో పోలీసుల మీద ఒక పాట ఉంది. పేరులోనే బూతు ఉంది కాబట్టి ఇక్కడ రాయడం లేదు. దాన్ని తిట్టేవాళ్లలో ఎంతమంది మొత్తం విన్నారో నాకు అనుమానమే. ఆ పాటను ఒక కోర్టు సీన్‌లాగా కట్టారు. గ్రూపులోని డాక్టర్ డ్రే జడ్జి. ఐస్ క్యూబ్, ఎంసీ రెన్, ఈజీ-ఈ ముగ్గురూ ప్రాసిక్యూషన్ తరఫున ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెప్పుకుంటారు. బోనులో నిలబడ్డది పోలీసు. కారు ఆపి ఎలా సోదా చేస్తారో, నల్లగా ఉన్న ప్రతి కుర్రాణ్నీ డ్రగ్స్ అమ్మేవాడిగానే ఎలా చూస్తారో క్యూబ్ ముందుగా చెప్తాడు. చివర్లో జడ్జి తీర్పిస్తాడు, పోలీసు దోషి అని. పాటలో కాల్పుల బెదిరింపులు ఉన్నాయి, దారుణమైన మాటలు ఉన్నాయి, లేవని నేననను. కానీ బయట ఏ కోర్టూ తమ మాట వినదని తెలిసిన పిల్లలు పాటలోనే ఒక కోర్టు పెట్టుకున్నారు. నాకు ఆ పాట విన్నప్పుడల్లా అదే గుచ్చుకుంటుంది.

డాల్టన్ దాడికి సరిగ్గా ఏడాది తర్వాత, 1989 ఆగస్టు 1న, ఎఫ్‌బీఐ నుంచి ఒక ఉత్తరం వెళ్లింది. డాల్టన్ బాధితులకు క్షమాపణ చెప్తూ అనుకునేరు. ఆ ఆల్బమ్ అమ్ముతున్న ప్రయారిటీ రికార్డ్స్‌కి! రాసినాయన మిల్ట్ ఆలెరిక్, అసిస్టెంట్ డైరెక్టర్ స్థాయి అధికారి. 1988లో 78 మంది పోలీసులు విధుల్లో ఉండగా హత్యకు గురయ్యారనీ, ఇలాంటి పాటలు పోలీసుల మీద హింసను రెచ్చగొడతాయనీ అందులో రాశారు. చనిపోయిన ఆ పోలీసుల కుటుంబాల బాధ నిజమే. కానీ వాళ్ల చావులకూ ఈ పాటకూ సంబంధం ఏమిటో ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇళ్లు కూల్చినవాళ్లను వదిలేసి పాట పాడినవాళ్లకు ఉత్తరం రాసిన ఆ తీరుకూ మన పాట్‌లక్ కబుర్లకూ నాకు పెద్ద తేడా కనబడదు.

కాంప్టన్ పుట్టుకతోనే అలా లేదు. ఒకప్పుడు అక్కడ ఇల్లు కొనాలంటే తెల్లవాళ్లై ఉండాలి, నల్లవాళ్లకు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకునేవాళ్లు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పాక నల్లజాతి కుటుంబాలు వచ్చి చేరాయి. సొంతిల్లు, యూనియన్ ఉద్యోగం ఉన్న మధ్యతరగతి వాళ్లు చాలామంది. 1965లో పక్కనే వాట్స్‌లో అల్లర్లు జరిగి 34 మంది చనిపోయాక, మిగిలిన తెల్లవాళ్లు కూడా వెళ్లిపోయారు. వాళ్ల వెనకే వ్యాపారాలూ పోయాయి. దగ్గర్లోని సౌత్ గేట్‌లో ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ 1980లో, జనరల్ మోటార్స్ ప్లాంటు 1982లో మూతపడ్డాయి. ఉద్యోగాలు పోయిన ఆ వీధుల్లోకి పొగలా పీల్చే చవక రకం కొకైన్, క్రాక్, వచ్చింది. దాంతోపాటు 1986 నాటి ఫెడరల్ చట్టం వచ్చింది. 5 గ్రాముల క్రాక్ దొరికితే తప్పనిసరిగా ఐదేళ్ల జైలు. అదే ఐదేళ్లు పౌడర్ కొకైన్‌కి పడాలంటే 500 గ్రాములు దొరకాలి. డబ్బున్నవాళ్లు వాడేది పౌడర్. ఈ తేడాను తగ్గించడానికే 2010 దాకా పట్టింది. ఇక 1988 ఏప్రిల్‌లో ఒక్క వీకెండ్‌లో పోలీసులు వెయ్యిమందికి పైగా పట్టుకెళ్లారు, చాలామందిని ఏ కేసూ లేకుండానే వదిలేశారు. క్రిప్స్, బ్లడ్స్ అనే గ్యాంగులు ఈ పాటలకు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఉన్నాయి. ఇవన్నీ పాట చేసిన పనులేనా?

1991 మార్చిలో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని లాస్ ఏంజెలెస్ పోలీసులు లాఠీలతో చావబాదడం ఒకాయన వీడియో తీశాడు కాబట్టి లోకానికి తెలిసింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 29న జ్యూరీ ఆ పోలీసులకు శిక్ష వేయకుండా వదిలేసింది. ఊరు తగలబడింది. 60 మందికి పైగా పోయారు. ఎన్.డబ్ల్యూ.ఏ. కుర్రాళ్లు ఏళ్ల ముందు నుంచీ మొత్తుకున్నది ఇదే.

ఇక రెండో వైపు. ఈ సంగీతాన్ని ప్రేమించేవాళ్లు దాటవేసే విషయాలు ఉన్నాయి, వాటిని నేను దాటవేయను. 1991 జనవరిలో డాక్టర్ డ్రే ఒక పార్టీలో డీ బార్న్స్ అనే టీవీ యాంకర్‌ను దారుణంగా కొట్టాడు. గ్రూపుతో విడిపోయిన ఐస్ క్యూబ్ మాటలు ఆమె షోలో వచ్చాయన్నది కోపం. కోర్టులో జరిమానా, కమ్యూనిటీ సర్వీస్, ప్రొబేషన్‌తో సరిపోయింది. ఆయన 2014లో తన హెడ్‌ఫోన్ల కంపెనీని యాపిల్‌కు 300 కోట్ల డాలర్లకు అమ్మాడు. 2015లో వాళ్ల కథ సినిమాగా వస్తే అందులో ఆమె ఊసే లేదు. జనం నిలదీశాకే, తాను బాధపెట్టిన ఆడవాళ్లకు క్షమాపణ చెప్పాడు. పోలీసు దెబ్బల గురించి అంత బాగా చెప్పగలిగినవాడికి తన చేతి దెబ్బ కనబడలేదా? ఈ పాటల్లో ఆడవాళ్లను పిలిచే పిలుపులను "అది వాళ్ల కల్చర్" అని సమర్థించేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పిలుపుల మీద ముందుగా వీధికెక్కింది నల్లజాతి ఆడవాళ్లే. సి. డెలోరెస్ టక్కర్ లాంటి పౌరహక్కుల ఉద్యమకారిణి రికార్డు కంపెనీల మీద పోరాడితే, ర్యాపర్లు ఆమెను పేరు పెట్టి తిట్టారు. ఒత్తిడి తట్టుకోలేక 1995లో టైమ్ వార్నర్ అనే మీడియా కంపెనీ, ఈ ర్యాప్ రికార్డులు తెచ్చే ఇంటర్‌స్కోప్‌లో తన వాటా వదులుకుంది, మరుసటి ఏడాదే ఇంకో పెద్ద కంపెనీ కొనుక్కుంది. సరుకు మారలేదు.

కంపెనీల సంగతి కూడా చెప్పాలి. 1991 మేలో, పాటల ర్యాంకులు వేసే బిల్‌బోర్డ్ పత్రిక వాళ్లు షాపుల్లో స్కాన్ అయిన బార్‌కోడ్‌లతో అమ్మకాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అంతకుముందు షాపువాళ్లు నోటితో చెప్పిందే లెక్క. కొత్త లెక్క వచ్చిన కొన్ని వారాలకే ఎన్.డబ్ల్యూ.ఏ. రెండో ఆల్బమ్ నంబర్ వన్‌కి వెళ్లింది. తెల్ల మధ్యతరగతి పిల్లలు మాల్స్‌లో ఎగబడి కొంటున్నారని కంపెనీలకు అర్థమైంది. 1992 చివర్లో వచ్చిన డ్రే ఆల్బమ్ 'ది క్రానిక్' వింటే ఆ సంగీతం ఎంత గొప్పగా ఉంటుందో! పాత ఫంక్ పాటల నుంచి తీసుకున్న బరువైన బేస్, పైన సన్నగా సాగే సింథ్. అందులోనూ ఆ ఏడాది అల్లర్ల మీద పాట ఉంది. కానీ కంపెనీలు పైకెత్తింది ఆ పాటను కాదు. పార్టీ, కారు, గంజాయి, తుపాకి, ఆడవాళ్లు, ఇవే అమ్ముడయ్యాయి. తర్వాత పదేళ్లు అదే మూస. పేరున్న ర్యాపర్లు ట్యూపాక్‌ను 1996లో, బిగ్గీని 1997లో కాల్చి చంపారు, ఆ చావులు కూడా సరుకే అయ్యాయి. తల్లి నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ ఉద్యమంలో జైలు చూసి వచ్చిన మనిషి, ఆమె మీద అంత ప్రేమగా పాట రాసిన ట్యూపాక్ మన పిల్లల టీషర్టుల మీద తలకు గుడ్డ కట్టుకున్న బొమ్మగా మిగిలాడు.

ఆసియావాళ్లుగా మనకు నేరుగా తగిలే ఘటన ఒకటుంది. రాడ్నీ కింగ్‌ను కొట్టిన రెండు వారాలకే, లాటాషా హార్లిన్స్ అనే 15 ఏళ్ల నల్లజాతి అమ్మాయి ఆరెంజ్ జ్యూస్ దొంగిలిస్తోందనుకుని కొరియన్ షాపు యజమానురాలు గొడవపడి, వెనక్కి తిరిగి వెళ్తున్న పిల్లను కాల్చి చంపింది. ఆ జ్యూస్ ధర 1.79 డాలర్లు. డబ్బులు పిల్ల చేతిలోనే ఉన్నాయి. జడ్జి ఆమెకు జైలు శిక్ష వేయలేదు. ఐస్ క్యూబ్ అదే ఏడాది కొరియన్ షాపులన్నీ తగలబెడతామంటూ పాట పాడాడు. ఒకరు చేసిన పాపానికి మొత్తం జాతిని బోనెక్కించిన ఆ పాట తప్పు, నాకు వినబుద్ధి కాదు. అదే తప్పును అవతలి వైపు నుంచి మనవాళ్లు రోజూ చేస్తున్నారు. పైగా, మనం ఈ దేశానికి రాగలిగిందే 1965 ఇమిగ్రేషన్ చట్టం వల్ల. నల్లజాతి వాళ్లు వీధుల్లో దెబ్బలు తిని చేసిన పౌరహక్కుల పోరాటం లేకపోతే ఆ చట్టం వచ్చేది కాదు.

"మనం ఏదో మాటవరసకు అంటాం, దానివల్ల ఎవరికేం నష్టం?" అని మొన్న ఒకరు నన్నడిగారు. నష్టం ఉంది. లూసియానాలో మ్యాక్ ఫిప్స్ అనే ర్యాపర్ ఉన్నాడు. 2000లో ఆయన పాడాల్సిన క్లబ్బులో కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు. మ్యాక్‌కు అంతకుముందు ఒక్క కేసూ లేదు. కాల్చింది తానేనని వేరే మనిషి పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడు. అయినా ప్రాసిక్యూటర్ మ్యాక్ పాటల్లోని ముక్కలు తీసి, కలిపి, జ్యూరీకి వినిపించాడు. 12 మందిలో 10 మంది దోషి అన్నారు, అప్పట్లో అక్కడ అది చాలు. 30 ఏళ్ల శిక్ష పడింది. గవర్నర్ దయతలిస్తే 2021లో బయటికొచ్చాడు, అప్పటికి 21 ఏళ్లు లోపల ఉన్నాడు. ర్యాప్ పాటలను ఇలా సాక్ష్యంగా వాడకుండా కాలిఫోర్నియా 2022లో చట్టం చేసి కొంత అడ్డుకట్ట వేసింది. చాలా రాష్ట్రాల్లో అలాంటిది లేదు.

సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్లకు జ్యూరీ డ్యూటీ లెటర్లు వస్తున్నాయి. ఎలా తప్పించుకోవాలో గ్రూపులో చిట్కాలు అడుగుతున్నారు. దయచేసి తప్పించుకోకండి, వెళ్లండి. బోనులో ఉన్న కుర్రాడి పాట వినిపించి "ఇతను ఎలాంటివాడో మీరే చూడండి" అని ప్రాసిక్యూటర్ అంటే, పాట్‌లక్‌లో అనే మాట అక్కడ అనకండి. ఆ రాత్రి తుపాకి ఎవరి చేతిలో ఉందో చూపించమని అడగండి.