చిన్న గోల్‌పోస్టులు ఇంకో నాలుగు కావాలి

పోయిన వేసవిలో మన తెలుగు సంఘం పెట్టిన సాకర్ కప్పులో తొమ్మిదేళ్ల పిల్లల మ్యాచ్ ఒకటి చూశాను. మన టెక్సస్‌లో, ఈ ఫ్రిస్కో ఊళ్లో ఎండ సంగతి మీకు తెలిసిందే. ఉదయం పదికే ఫోల్డింగ్ కుర్చీ ముట్టుకుంటే చురుక్కుమంటోంది. ఎర్ర జెర్సీలో ఉన్న ఒక బక్కపిల్లాడికి సరిగ్గా తన గోల్ ముందే బంతి దొరికింది. మీదికి దూసుకొస్తున్న పిల్లాణ్ణి ఓరగా చూసి, అరికాలితో బంతిని వెనక్కి లాగి, చటుక్కున పక్కకు తిరిగాడు. ఆ ఒక్క మలుపు నేర్చుకోవడానికి ఆ వయసు వాళ్లకి నెలలు పడుతుంది. ఆరేళ్లుగా పిల్లలకి ఆట నేర్పుతున్నవాణ్ణి, నాకు ఈల వెయ్యాలనిపించింది. ఇంతలో మైదానం గీత ఇవతల, తల్లిదండ్రుల నుంచి నాలుగు గొంతులు: "కొట్టరా! కొట్టెయ్! ఏం చేస్తున్నావురా అక్కడ!" వాడు బెదిరిపోయి బంతిని మైదానం బయటికి తన్నేశాడు. "శభాష్" అన్నారు. ఆ తర్వాత బంతి వాడి దగ్గరికి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ చూడకుండానే తన్నేశాడు.

జట్టు గెలిచింది, ఫొటోలు వాట్సాప్‌లో వచ్చాయి. ఆ మలుపు సంగతి ఎవరికీ గుర్తు లేదు, బహుశా వాడిక్కూడా.

అందుకే ఈ మాట రాస్తున్నాను. వచ్చే ఏడు నుంచి పదేళ్ల లోపు పిల్లలకి మనం కప్పు పెట్టొద్దు. ఆట పెడదాం, రోజంతా పెడదాం. ఫైనల్, ట్రోఫీ, బెస్ట్ ప్లేయర్ షీల్డు మాత్రం వద్దు.

నా చాదస్తం అనుకోకండి. అమెరికా సాకర్ ఫెడరేషన్ 2017 నుంచి వయసును బట్టి ఆట కొలతలే మార్చేసింది. అండర్-8 దాకా, అంటే ఎనిమిదేళ్ల లోపు వాళ్లకి, జట్టుకి నలుగురే, గోలీ (గోల్‌కీపర్) ఉండడు. అండర్-9, అండర్-10కి ఏడుగురు. ఆ పైన రెండేళ్లు తొమ్మిదిమంది. పదకొండుమందితో పెద్ద మైదానం అండర్-13 నుంచే. జనం తక్కువ ఉంటే ప్రతి కాలికీ బంతి ఎక్కువసార్లు తగులుతుంది, అంతే లెక్క. నాకు బాగా నచ్చిన నియమం ఇంకోటుంది. ఏడుగురి ఆటలో గోలీ బంతి పట్టుకున్నాక దాన్ని గాల్లోకి తన్నకూడదు. అవతలి జట్టు ఒక గీత వెనక్కి వెళ్లి నిలబడాలి. పక్కనున్న పిల్లాడికి బంతి తాపీగా అందించి, అక్కణ్ణుంచి ఆట కట్టుకోవడం అలవాటు కావాలని ఆ ఏర్పాటు.

మన కప్పులో ఏమైంది? "ఫీల్డు ఒక్కటే, జట్లు ఎక్కువ, మధ్యాహ్నం భోజనాల్లోపు అయిపోవాలి" అని తొమ్మిదేళ్ల వాళ్లని జట్టుకి తొమ్మిదిమంది చొప్పున పెద్ద మైదానంలో దింపాం. గోలీ ఎంత దూరం తంతే అంత గొప్ప. ఒళ్లున్న పిల్లాడు ముందుంటే చాలు, గోల్ ఖాయం. మిగతా వాళ్లు బెల్లం చుట్టూ ఈగల్లా మూగుతారు, లేకపోతే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతారు.

ఆ ఒళ్లున్న పిల్లాడి గురించే నాకు ఎక్కువ బెంగ. నా మొదటి జట్టులో అలాంటివాడు ఒకడుండేవాడు. తోటివాళ్లకంటే జానెడు ఎత్తు, మ్యాచ్‌కి నాలుగైదు గోల్స్. వాళ్ల నాన్న "అన్నా, మావాణ్ణి ముందే ఆడించు, డిఫెన్స్‌లో వేస్ట్ చెయ్యొద్దు" అనేవాడు, నేనూ సరే అనేవాణ్ణి. పదమూడేళ్లు వచ్చేసరికి మిగతావాళ్లూ ఎత్తు పెరిగారు. వీడికి పరిగెత్తి దాటిపోవడం తప్ప ఏదీ రాదు, ఎందుకంటే అది తప్ప వాడికి ఏదీ అవసరం పడలేదు. ఏడాదిలో మానేశాడు. అదే జట్టులో డిసెంబర్‌లో పుట్టినవాడు ఒకడు, అందరికంటే పొట్టి. ఎవరి మీదికీ వెళ్లి తోసుకోలేడు కాబట్టి బంతి రాకముందే చుట్టూ చూసుకోవడం నేర్చుకున్నాడు. ఇప్పటికీ ఆడుతున్నాడు. ఎనిమిదేళ్ల వాళ్లలో పదకొండు నెలల తేడా అంటే మాటలా? ఏ వయసు జట్టులో ఎవరనేదానికి ఇన్నాళ్లూ జనవరి నుంచి డిసెంబర్ పుట్టినరోజుల లెక్క ఉండేది. 2026-27 సీజన్ నుంచి అది ఆగస్టు 1 నుంచి జులై 31 లెక్క. గీత జరుగుతుందంతే. రేపు జులైలో పుట్టినవాళ్లు ఆ పొట్టివాళ్లవుతారు.

ఇదంతా తెల్లవాళ్ల పద్ధతి అనేవాళ్లకి మన హైదరాబాద్ సంగతి ఒకటి గుర్తుచేయాలి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ స్కూలు మాస్టారు. 1963లో పోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. ఆయన చేతుల మీదుగానే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ రహీమ్ సాబ్ డ్రిబ్లింగ్ (బంతిని కాళ్లతో ఆడిస్తూ ఎదుటివాణ్ణి దాటడం) చేయకూడదనే షరతుతో ప్రత్యేకంగా టోర్నమెంట్లు పెట్టేవారు. బంతి రాగానే పాస్ ఇవ్వడం అలవాటు కావాలని. ఆయన డ్రిబ్లింగ్ వద్దన్నారు, నేను చిన్నపిల్లలకి అదే కావాలంటున్నాను. ఆయన ఎదురుగా ఉన్నవాళ్ల వయసు వేరు, అవసరం వేరు. నాకు నచ్చింది, ఏది నేర్పాలో దానికి తగ్గట్టు పోటీనే మార్చడం. మనం పోటీకి తగ్గట్టు పిల్లల్ని మారుస్తున్నాం.

మనవాళ్లకి ఓపిక లేదని కూడా నేననను. సంగీతం క్లాసుకి పంపినప్పుడు సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు అంటూ ఏళ్లు గడుస్తాయి. "మా అమ్మాయి కచేరీ ఎప్పుడండీ?" అని రెండో నెలలో టీచరుగారిని ఏ తల్లీ అడగదు. అదే తల్లి, అదే తండ్రి శనివారం సాకర్ ఫీల్డుకి రాగానే ఎంసెట్ ర్యాంకు రోజుల్లోకి వెళ్లిపోతారు. మూడో క్లాసు పిల్లకి సెలెక్ట్ టీమ్ (ఏరికోరి తీసుకునే జట్టు) ట్రైఔట్ అని వారం ముందు నుంచి ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఏటా వేల డాలర్ల ఫీజు, వారాంతాల్లో హోటళ్లు, కాలేజీ స్కాలర్‌షిప్ లెక్కలు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నేను మాత్రం తక్కువ తిన్నానా? కోచ్‌గా రెండో ఏడు ఒక ఫైనల్లో, ఒక్క గోల్ ఆధిక్యం కాపాడుకోవాలని, ఒక అమ్మాయిని చివరి పది నిమిషాలు బెంచ్ మీద కూర్చోబెట్టాను. గెలిచాం. కప్పు పట్టుకుని ఫొటో దిగేటప్పుడు ఆ పిల్ల చివర్లో నిలబడి షూ లేసు కట్టుకుంటూనే ఉంది. తర్వాతి సీజన్‌కి పేరు ఇవ్వలేదు. "కూచిపూడి క్లాసు టైముతో కుదరట్లేదు అన్నయ్యా" అంది వాళ్లమ్మ. కూచిపూడి క్లాసు అంతకుముందూ ఉంది. ఆ కప్పు మా గరాజ్‌లో పెయింటు డబ్బాల పక్కన ఉంది.

పోటీ లేకపోతే పిల్లలు మెత్తబడిపోతారని ఒక వాదన ఉంది. మీరు బోర్డు తీసేసినా వాళ్లు స్కోరు లెక్కపెట్టుకుంటారు, కారెక్కేదాకా పోట్లాడుకుంటారు. లెక్కపెట్టుకోనివ్వండి. పదమూడు దాటాక కప్పు, పాయింట్ల పట్టిక అన్నీ పెట్టండి, నేనే ముందు నిలబడతాను. పదేళ్ల లోపు మాత్రం కోచ్‌ని ఒక్కటే అడగండి: పోయిన సీజన్‌లో ఆడినవాళ్లలో ఎంతమంది మళ్లీ వచ్చారు?

కమిటీకి నేను అడిగేది చిన్నదే. ఆ ఒక్క మైదానాన్నే కోన్లతో నాలుగు ముక్కలు చేద్దాం. అండర్-8 వాళ్లు నలుగురేసి, పది నిమిషాలకో ఆట, జట్లు కలిపేస్తూ. అండర్-10 వాళ్లకి ఏడుగురి ఆట, ఆ వెనక్కి జరిగే గీతతో సహా. అందరికీ సమానంగా ఆడే టైము. తల్లిదండ్రుల కుర్చీలు గీతకి పదడుగులు వెనక. చప్పట్లు ఎన్నైనా కొట్టుకోవచ్చు, "కొట్టరా" మాత్రం నిషేధం. కోచింగ్‌కి ఒప్పుకున్న నాన్నలు, అమ్మలు ఫెడరేషన్ వాళ్ల గ్రాస్‌రూట్స్ కోర్సు ఆన్‌లైన్‌లో చేసి రావాలి.

ట్రోఫీల కోసం పక్కన పెట్టే డబ్బు ఎలాగూ మిగులుతుంది. నాలుగు ముక్కలకి చిన్న గోల్‌పోస్టులు ఎనిమిది కావాలి, మడత పెట్టి డిక్కీలో వేసుకునేవి. నాలుగు మా గరాజ్‌లో ఉన్నాయి.