ఒత్తుల తరఫున, లైన్ హైట్ గారికి

మహారాజశ్రీ లైన్ హైట్ 1 గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇటువైపు కుశలం లేదు. మీరు మాత్రం కులాసాగానే ఉన్నట్టున్నారు. వెబ్ పేజీలో ఒక్కో వరసకు ఎంత ఎత్తు చోటివ్వాలో చెప్పే కొలత కదా మీరు, ఇంగ్లీషు టెంప్లేట్లలో పెద్ద హెడ్డింగుల దగ్గర దర్జాగా కూర్చుని, అక్షరం సైజు ఎంతో వరసకీ అంతే చోటని తీర్పులిస్తున్నారు.

మీ పెంపకం అలాంటిది లెండి. మీ ఇంట్లో చిన్నక్షరాల్లో గీత కిందికి కాళ్లు చాపేవాళ్లు జి, జె, పి, క్యూ, వై, ఈ ఐదుగురే. మాది పెద్ద సంసారం. 'స్త్రీ' అని రాస్తే నెత్తిన గుడి దీర్ఘం, నడుమ స, కింద త వత్తు, దాని పక్కనే క్రావడి. మేడే కాదు, సెల్లారు కూడా ఉన్న ఇల్లు. మీరొచ్చి సెల్లారు పూడ్చేశారు.

పోయిన మాఘంలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి. "కార్డులెందుకు అన్నయ్యా, ఒక పేజీ చేసి లింకు పంపెయ్" అంది. ఫ్రీ టెంప్లేటు ఒకటి దింపి, హెడ్డింగుకు బంగారు రంగు పూసి, "మా చెల్లి పెళ్ళికి రండి" అని పెట్టాను. లాప్‌టాప్‌లో లక్షణంగా ఉంది. ఫోన్లో అయితే ఆ టెంప్లేటు మిమ్మల్ని పిలుస్తుందనీ, పెట్టె దాటినదాన్ని దాచెయ్యమని పక్కనే ఇంకో రూలు ఉందనీ నాకేం తెలుసు? ఒత్తులన్నీ తెగిపోయి "మా చెలి పెళికి రండి" అని ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్లిపోయింది.

ముందు పెదనాన్న ఫోన్. "ఏరా, చెలి ఏంట్రా? బుద్ధుందా?" ఒత్తు తెగిందని చెప్పబోతే, "తెగింది నీకు సిగ్గురా" అన్నాడు. పెళ్ళికొడుకు తరఫువాళ్లు అసలు ఫోనే చెయ్యలేదు. ఆ టెన్షన్ వేరు. మిమ్మల్ని తీసి, అక్షరం సైజుకు 1.7 రెట్లు చోటిచ్చే లైన్ హైట్ 1.7 పెట్టి, ఆ దాచెయ్యమనే రూలు కూడా కొట్టేసి మళ్ళీ పంపేలోపు స్క్రీన్‌షాట్ ఊళ్ళు దాటింది. బావ ఇప్పటికీ నన్ను ఒకలా చూస్తాడు.

మీ చుట్టాలూ తక్కువ తినలేదు. మండలి ఫాంటుకు ఉన్నది ఒకే మందం. బోల్డ్ కావాలని అడిగితే, లేదని చెప్పకుండా బ్రౌజరు ఉన్న అక్షరానికే మసిపూసి మారేడుకాయ చేస్తుంది. చిన్న సైజులో థ కడుపులో చుక్క ఆ మసిలో కలిసిపోయి 'కథ' కాస్తా 'కధ' అవుతుంది. (మనవాళ్ళు చాలామంది ఎలాగూ అలాగే రాస్తారు కనుక ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు.) ఇటాలిక్ సంగతి చెప్పనక్కర్లేదు. ఫాంటులో లేకపోయినా బ్రౌజరే అక్షరాలను పక్కకు వాలుస్తుంది. కల్లుపాక నుంచి వరసగా ఇంటికొస్తున్నట్టుంటాయి.

అన్నీ మీవాళ్ళ మీదే నెట్టను, నా పాపమూ ఉంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, పైన శ్రీకృష్ణదేవరాయ, ఈ పేర్లున్న తెలుగు ఫాంట్లన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఉచితం కదా అని ఒక మిఠాయి కొట్టు సైటుకు ఐదింటినీ ఒకే పేజీలో దించాను. భువనవిజయం అనుకున్నాను. సిగ్నల్ సరిగా లేని ఊళ్ళో తెరిస్తే, ముందు ఫోన్లో ఉన్న ఫాంటే కనబడింది. తర్వాత కవులు ఒక్కొక్కరే ఆలస్యంగా సభకు వచ్చారు. ఒకరొచ్చినప్పుడల్లా వరసలన్నీ లేచి, జరిగి కూర్చున్నాయి. జిలేబీ ధర చదవబోతే అది కాజా దగ్గరికి పోయింది. ఇప్పుడు హెడ్డింగుకు రామభద్ర, కింద మేటరుకు మండలి. రాయలవారికి దణ్ణం పెట్టి సెలవు తీసుకున్నాను.

మిమ్మల్ని ఉద్యోగం మానెయ్యమనడం లేదు. ఇంగ్లీషు పోస్టర్లలో ఉండండి, అక్కడ మీరు అందగాడే. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో రాసి ఉన్నచోట మాత్రం లేచి 1.7 గారికి కుర్చీ ఇవ్వండి. ఆయన కొంచెం లావు మనిషి. స్క్రీన్ మీద మూడు వరసలు తగ్గుతాయని క్లయింట్లు గొణుగుతారు. ఆ గొణుగుడు నేను పడతాను.

ఇట్లు,
ఒత్తులు పోగొట్టుకున్న ఒక అన్నయ్య

తా.క.: వచ్చే నెలలో పెదనాన్నదే షష్టిపూర్తి. ఆ పేజీ కూడా నా నెత్తినే పడింది. అటువైపు రాకండి బాబూ. అది గాని 'షషిపూరి' అయిందంటే, వచ్చిన జనం కుర్మా ఎక్కడని అడుగుతారు.