చిరాకు కూడా నేరమేనా?

సైబర్ నేరాలు ఆగాలంటే పోలీసులకు మరిన్ని అధికారాలు ఇవ్వాలన్న ఓ వ్యాసకర్త వాదనతో నాకు పేచీ ఉంది. మాయమాటలతో ఓటీపీ రాబట్టి ఖాతా ఖాళీ చేసేవాడి కోసం ఐటీ (సమాచార సాంకేతిక) చట్టంలో 66సి, 66డి సెక్షన్లు ఇప్పటికే ఉన్నాయి. పరుల పాస్‌వర్డ్ వాడుకోవడం, మరొకరిలా నటించి మోసగించడం: నేరం ఏమిటో చదవగానే తెలుస్తుంది. అదే చట్టంలో ఒకప్పుడున్న 66ఎ అలా కాదు. చిరాకు, అసౌకర్యం కలిగించాలని ఈమెయిల్ పంపినా మూడేళ్ల వరకు జైలు! (ఆ లెక్కన మా అపార్ట్‌మెంట్ సంఘంలో సగం మంది లోపలే ఉండాలి.) చిరాకును ఏ తక్కెడతో తూస్తారు? 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, ముంబయి బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసిన యువతితో పాటు దానికి లైక్ కొట్టిన స్నేహితురాలినీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టివేసింది. అయినా ఠాణాల్లో దాని కింద కేసులు ఆగలేదు. దాని కింద ఎవరినీ విచారించవద్దని 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. ఫోటోలు మార్చి అమ్మాయిలను బెదిరించేవాళ్లను వదిలేయమని ఎవరూ అనడం లేదు. కొట్టేసిన సెక్షన్‌నే ఏడేళ్లపాటు వదలని చేతులకు కొత్త అధికారం ఎలా అప్పగించమంటారో వ్యాసకర్తే చెప్పాలి.