సీతాకోకచిలుకల సహాయ నిరాకరణ

సీతాకోకచిలుకల మీద నాకు సొంత కక్షలేవీ లేవని మొదటే మనవి చేసుకుంటున్నాను. నాలుగేళ్ళుగా కెమెరా మెడకు తగిలించుకుని, ముళ్ళకు చొక్కాలు చింపుకుని, బురదలో బోర్లా పడుకుని సంపాదించిన అనుభవంతోనే ఈ ఫిర్యాదు రాస్తున్నాను. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దొర వీటికి ఒక పద్ధతి ప్రకారం పేర్లు పెట్టింది 1758లో. అప్పటినుంచి మనిషి తన వంతు పాట్లు పడుతూనే ఉన్నాడు. అటునుంచి మాత్రం ఇన్నేళ్ళలో వీసమెత్తు సహకారం లేదు.

తెలుగువాళ్ళం ఈ గొడవలోకి మొన్నమొన్నటిదాకా దిగలేదు. మన పూర్వీకులు తెలివైనవాళ్ళు. ప్రపంచంలో 17 వేలకు పైగా జాతులుంటే అన్నిటికీ కలిపి 'సీతాకోకచిలుక' అని ఒక్క పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. అందులో సీత ఉంది, కోక ఉంది, చిలుక ఉంది, పురుగు ఊసే లేదు. దానివల్ల ఎంత సుఖమో చూడండి. "అదుగో సీతాకోకచిలుక" అంటే ఎవరూ కాదనలేరు. ఫొటో అడగరు. వెనక రెక్క అడుగున మూడో చుక్క ఎటు జరిగిందని నిలదీయరు.

ఆ సుఖాన్ని చెడగొట్టినవి ఇంగ్లీషు పేర్లు. భారతదేశంలో వీటిని పట్టి, కొలిచి, లెక్క రాసినవాళ్ళలో సైన్యాధికారులు చాలామంది. ఎవరి లోకం వాళ్ళది కదా! అందుకని పొదల్లోకి వెళ్తే కవాతు మైదానంలోకి వెళ్ళినట్టే ఉంటుంది. సార్జెంటు, కమాండరు, కమొడోరు, కానిస్టేబులు. ఆ పైన బారన్, ఎర్ల్, డ్యూక్, ఆర్చ్‌డ్యూక్. ఎవరూ నొచ్చుకోకుండా నవాబు, రాజా కూడా. హోదాలైతే ఇచ్చారు గానీ ఆ హోదాల్లో ఎలా మసలుకోవాలో చెప్పడం మర్చిపోయారు. నవాబుగారి దర్శనం కావాలంటే పూలతోటకు వెళ్ళి లాభం లేదు, ఆయన పేడకడి మీద కొలువుదీరి ఉంటారు. రాజావారు కుళ్ళిన పండు దగ్గర విందులో ఉంటారు. బ్రిటన్‌లో పర్పుల్ ఎంపరర్ అని ఒక చక్రవర్తి ఉన్నాడు. చెట్ల చిటారు కొమ్మలు దిగడు. ఆయన్ని కిందికి రప్పించడానికి అక్కడి ఔత్సాహికులు గుప్పున కంపుకొట్టే రొయ్యల ముద్ద పెట్టి చేతులు కట్టుకుని నిలబడతారు. చక్రవర్తి వస్తాడు కూడా.

లినేయస్ మాత్రం తక్కువవాడా? తోకల రెక్కల పెద్ద సీతాకోకచిలుకలకు ట్రాయ్ యుద్ధంలోని పేర్లు పంచిపెట్టాడు. ట్రాయ్ రాజు ప్రియమ్. ఆయన పెద్ద కొడుకు హెక్టర్. ఇంకో కొడుకు పొలైటీస్. హెక్టర్ పేరు క్రిమ్‌సన్ రోజ్ అనే సీతాకోకచిలుకకు దక్కింది. నల్ల రెక్కలు, వాటి మీద తెలుపూ ఎరుపూ మచ్చలు, ఎర్రటి ఒళ్ళు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడే విషపు తీగ తిని పెరుగుతుంది గనుక పక్షులు దాని జోలికి రావు. పొలైటీస్ అంటే కామన్ మార్మన్. దీనికి విషమూ లేదు, ఏమీ లేదు. మగది నల్లగా, వెనక రెక్క మీద తెల్ల మచ్చల పట్టీతో మర్యాదగా ఉంటుంది. చిక్కంతా ఆడవాటితోనే. కొన్ని మగదానిలాగే ఉంటాయి. కొన్ని కామన్ రోజ్ అనే మరో విషపుదానిలా ఉంటాయి. ఇంకొన్ని అచ్చం హెక్టర్. అంటే పొలైటీస్ ఇల్లాలు సాక్షాత్తూ బావగారి వేషం కట్టుకుని పట్టపగలు ఊరేగుతోంది, పక్షులు హడిలిపోయి దారి ఇస్తున్నాయి. హెన్రీ బేట్స్ అనే ఆయన అమెజాన్ అడవుల్లో ఇలాంటి వేషాలే చూసొచ్చి 1862లో సంగతి విప్పి చెప్పాడు. శాస్త్రంలో దీన్ని మిమిక్రీ అని గౌరవంగా పిలుస్తారు. మనుషులు చేస్తే కేసు పెడతారు.

ఈ వేషం పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. రెక్కలు కాదు, ఒళ్ళు చూడాలి. హెక్టర్ ఒళ్ళు ఎరుపు, వేషగత్తె ఒళ్ళు నలుపు. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో! ఒళ్ళు ఎరుపో నలుపో నేను తేల్చుకునేలోపు అది గోడ దాటేస్తుంది. అలాంటప్పుడు నా లిస్టులో హెక్టర్ అనే రాస్తాను. ఉత్తినే కాదు, వీరుడి పేరు ఉంటే పేజీకి నిండుతనం వస్తుంది.

వేషాలతో సరిపెట్టినా బాగుండేది. కామన్ ఈవెనింగ్ బ్రౌన్ ఉంది. వానలప్పుడు పుట్టినదానికి రెక్క అడుగున కళ్ళలాంటి గుండ్రటి మచ్చలుంటాయి. వానలు లేనప్పుడు పుట్టినదానికి ఆ కళ్ళు మాయమై ఎండుటాకు మిగులుతుంది. యూరప్‌లో మ్యాప్ అనే సీతాకోకచిలుక ఇంకా ఘనమైనది. వసంతంలో నారింజ రంగులో వస్తుంది, దాని పిల్లలు వేసవిలో నలుపూ తెలుపులో వస్తాయి. లినేయస్ అంతటివాడు తల్లినీ పిల్లనీ రెండు వేరు జాతులనుకుని రెండు పేర్లు పెట్టాడు. ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నాలుగేళ్ళలో ఎన్నడూ పట్టనంత నిద్ర పట్టింది.

ఆయనకు ఇంతకంటే పెద్ద దెబ్బే తగిలింది. 1702లో లండన్‌లో ఒక అపురూపమైన నమూనా బయటపడింది. బ్రిమ్‌స్టోన్ అనే మామూలు పసుపు రకంలాగే ఉంది, కాకపోతే రెక్కల మీద నల్ల మచ్చలు, నీలి చంద్రవంకలు. లినేయస్ దానికి 'ఎక్లిప్సిస్' అని దివ్యమైన పేరు పెట్టి గ్రంథస్థం చేశాడు. 1793లో ఆయన శిష్యుడే ఫాబ్రిసియస్ దగ్గరగా చూస్తే ఏముంది, ఎవరో బ్రిమ్‌స్టోన్ రెక్కల మీద కుంచెతో రంగు వేశారు! 90 ఏళ్ళు లోకం ఆ పెయింటింగ్‌ను సీతాకోకచిలుకగా గౌరవించింది. ఇందులో సీతాకోకచిలుకల చెయ్యి లేదని నాకూ తెలుసు. కానీ ఆ మనిషికి ఈ విద్య ఎవరి దగ్గర అబ్బిందో ఆలోచించండి.

ఇక మా గురువుగారు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న మనిషి. ఆయన దగ్గరకు నేను మొదట పట్టుకెళ్ళింది గ్రాస్ ఎల్లో ఫొటో. చిన్న పసుపు రెక్కలవి, గడ్డిలో తారాడుతుంటాయి. ముందు రెక్క అడుగున, మొదట్లో ఉండే గడిలో చుక్కలు లెక్కపెట్టాలి. రెండుంటే కామన్, మూడుంటే త్రీ స్పాట్, ఒకటే ఉంటే వన్ స్పాట్. ఒకటో తరగతి పిల్లాడు చెయ్యగలిగిన లెక్క. అయితే అది వాలినప్పుడు రెక్కలు మూస్తుంది, ఆ గడిలో సగం వెనక రెక్క చాటుకు పోతుంది, మిగతా సగానికి ఒక గడ్డిపోచ అడ్డం వస్తుంది. ఆ గడ్డిపోచ అక్కడికి యాదృచ్ఛికంగా వచ్చిందని నన్ను నమ్మమంటారా?

"చుక్కలేవి నాయనా?" అన్నారు గురువుగారు.

"రెండున్నాయండీ. నేను కళ్ళారా చూశాను."

"నువ్వు చూశావు సరే, నేను చూడలేదుగా. జీనస్ దగ్గర ఆపెయ్."

జీనస్ దగ్గర ఆపడమంటే, పెళ్ళికొడుకు పేరేమిటని అడిగితే ఇంటిపేరు చెప్పి ఊరుకోవడం. నాలుగేళ్ళలో నా జీవితంలో సగం జీనస్ దగ్గరే ఆగిపోయింది. తోకున్న లైన్‌బ్లూ, తోకలేని లైన్‌బ్లూ అని రెండున్నాయి. తోకున్నదాని తోక తెగిపోతే ఏం చెయ్యాలి? తోకలేని దాని శాస్త్రీయ నామంలో రెండో మాట 'డ్యుబియోసా'. అంటే సందేహాస్పదం. పేరు పెట్టినాయన కూడా చేతులెత్తేశాడన్నమాట. స్కిప్పర్లనే రకం సీతాకోకచిలుకల సంగతి ఎత్తకండి. అన్నీ గోధుమ రంగే, అన్నిటికీ తెల్ల చుక్కలే. వాటిలో కొన్నిటిని మైక్రోస్కోపు కింద జననాంగాలు చూసి తప్ప ఖాయంగా చెప్పలేరు. యూరప్ వుడ్ వైట్‌ను ఎంతోకాలం ఒకే జాతి అనుకున్నారు. 1988లో అది రెండైంది, 2011లో మూడైంది. రెక్కలు ఎంత చూసినా తేడా చిక్కదు. కనీస మర్యాద ఉన్న ఏ ప్రాణినైనా ఇంత లోతుగా విచారించాల్సిన అవసరం వస్తుందా?

స్వదేశంలో ఇలా భంగపడ్డవాళ్ళు విదేశాలకు బయల్దేరతారు. బ్రిటన్‌కు వెళ్ళినవాడు అదృష్టవంతుడు. అక్కడున్నవి మొత్తం 60 లోపే. అన్నిటినీ ఒకే వేసవిలో చూసి టిక్కులు పెట్టుకునేవాళ్ళున్నారు. అలా టిక్కులన్నీ పూర్తయి కాలర్ ఎగరేసుకున్నవాడు తరవాతి సెలవులకు కొలంబియాకో పెరూకో వెళ్తాడు. అక్కడ ఒక్కో దేశంలో 3 వేలకు పైనే. మొదటి రోజు సాయంత్రానికే మాట పడిపోతుంది. దక్షిణ అమెరికాలో రెక్క అడుగున 88 అని అంకె వేసుకుని తిరిగేదొకటి ఉంది. నంబరు ప్లేటుతో తిరిగే ఆ ఒక్కదాన్ని చూస్తే నాకు గౌరవం. ఆ నంబరుకు మళ్ళీ దగ్గరి చుట్టాలు కొన్ని ఉన్నాయని చెప్పి గురువుగారు ఆ గౌరవం కూడా నిలవనివ్వలేదు. ఉత్తర అమెరికాలో ఒకదాని రెక్క మీద వెండి కామా, ఇంకోదాని మీద ప్రశ్నార్థకం ఉంటాయి. వాటి పేర్లు కూడా అవే. పూర్ణవిరామం మాత్రం ఇంతవరకు ఎక్కడా నా కంటపడలేదు.

దేశాల సరిహద్దులకైనా అవి కట్టుబడతాయా అంటే అదీ లేదు. 2013లో ఫ్రెంచ్ గయానా తీరంలో పెయింటెడ్ లేడీ అనే సీతాకోకచిలుకలు కొన్ని కనిపించాయి. ఆ ఖండంలో వాటికి పనేమీ లేదు. ఒంటికి అంటుకున్న పుప్పొడి లాంటి ఆధారాలన్నీ కూడితే, పశ్చిమ ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ మీదుగా 4,200 కిలోమీటర్లు ఎగిరొచ్చాయని తేలింది. వీసా లేదు, టికెట్ లేదు. మనం అదే సముద్రం దాటి వాటిని చూడ్డానికి వెళ్ళాలంటే బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు.

సహకరించని వాటితో పాతకాలం వాళ్ళు కఠినంగానే ఉండేవాళ్ళు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన క్వీన్ అలెగ్జాండ్రాస్ బర్డ్‌వింగ్ మొదటి నమూనాను 1906లో న్యూగినీలో ఆల్బర్ట్ మీక్ తుపాకీతో కాల్చి దింపాడు. నేను తుపాకీ దాకా వెళ్ళను. నావి చిన్న కోరికలు. వాలిన ప్రతి సీతాకోకచిలుకా ఐదు సెకన్లు రెక్కలు విప్పి, ఐదు సెకన్లు మూసి ఉంచాలి. నేను పక్కనున్నవాళ్ళతో "ఇది చాలా రేర్ అండీ" అంటున్నప్పుడు అదే రకానివి ఇంకో నలభై వచ్చి వాలకూడదు. ఎండుటాకులా ఉండేవి ఎండుటాకుల మీద కూర్చోకూడదు. ఎండుటాకులు కూడా సీతాకోకచిలుకల్లా ఊగకూడదు. మొన్న అలాంటి ఆకును పదిహేడు ఫొటోలు తీశాను.

ఇంగ్లండులో ఎలినార్ గ్లాన్‌విల్ అని ఒక మహా ఇల్లాలు ఉండేది. గ్లాన్‌విల్ ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుకకు ఆవిడ పేరే పెట్టారు. 1709లో ఆవిడ పోయాక, సీతాకోకచిలుకల వెంట పడే మనిషికి మతి ఎక్కడుంటుందని వాదించి, ఆవిడ వీలునామా చెల్లదని బంధువులు కోర్టుకెళ్ళారు. ఈ కథ మా ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఆదివారం గురువుగారితో కలిసి వాగు ఒడ్డుకు వెళ్ళాను. తడి మట్టిలో ఉప్పు పీల్చడానికి మగవి గుంపులుగా దిగే చోటది. నేను పడుకుని, ఊపిరి బిగబట్టి, ఒక గోధుమ రంగు స్కిప్పర్‌కు గురిపెట్టి ఉన్నాను.

"కదలకు నాయనా. నీ మణికట్టు చూసుకో" అన్నారు గురువుగారు మెల్లగా.

కమాండరు. ఎర్రమట్టి రంగు రెక్కలు, మధ్యలో తెల్ల పట్టీ, నాలుగేళ్ళుగా నాకు దొరకని పెద్దమనిషి. నా చెమటలో నాలుక పెట్టి తీరిగ్గా తాగుతున్నాడు. రెక్కలు విప్పాడు, మూశాడు, మళ్ళీ విప్పాడు. సరిగ్గా నేను కోరినట్టే. కెమెరా ఉన్నది ఆ చేతిలోనే. ఆయన కడుపు నిండి లేచిపోయేసరికి చాలాసేపే పట్టింది.

"గురువుగారూ, మీరు కూడా చూశారుగా! లిస్టులో రాసుకోనా?"

"ఫొటో ఏది?" అన్నారు.