చేపకు చేను ఎన్నాళ్లు?

కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కన యోలో బైపాస్ అని వరద కోసం వదిలిన పల్లం ఉంది. వేసవిలో వరి, చలికాలంలో నీళ్లు. ఆ నీళ్లు సాల్మన్ చేప పిల్లలకు ఇవ్వాలా అన్నది తగువు. వాదించేవాళ్లు డేవిస్‌లో ఉండే శ్రావణి, చుట్టపుచూపుగా వచ్చిన కోనసీమ రైతు బాబాయ్.

శ్రావణి: నదికి రెండు పక్కలా గట్లు కట్టేశారు బాబాయ్. చేప పిల్లకు మేత ఏది? 2023 నుంచి వరసగా మూడేళ్లు ఇక్కడి సముద్రంలో సాల్మన్ అమ్మకపు వేటే ఆపేశారు.

బాబాయ్: గట్లు లేకపోతే ఊళ్లుంటాయా? ధవళేశ్వరం ఆనకట్ట పులసకు అడ్డమే. తీసేద్దామంటే మావాళ్లు ఊరుకుంటారా?

శ్రావణి: తియ్యమనలేదే! ఇక్కడ గడ్డి తగలబెట్టడాన్ని 1991 చట్టంతో బాగా తగ్గించారు. అందుకే కోతయ్యాక నీళ్లు పెట్టి కుళ్లబెడతారు. ఆ నీళ్లు దోసిట్లో పడితే నలకల్లాంటి పురుగులు గెంతుతుంటాయి. చేప పిల్లకు అదే మేత. 2012 నుంచి యూసీ డేవిస్ యూనివర్సిటీ వాళ్లు చేలల్లో పిల్లల్ని వదిలి చూశారు. నదిలో వాటికన్నా చాలా త్వరగా ఎదిగాయి.

బాబాయ్: జానెడు నీళ్లలో చేప పిల్లంటే కొంగకు పండగే. నీళ్లు తీసేటప్పుడు గుంటల్లో చిక్కుకునేవో?

శ్రావణి: కొన్ని పోతాయి, కాదనను. మెల్లగా తీస్తే చాలావరకు బయటపడతాయి.

బాబాయ్: అసలు సంగతికి రా. నీళ్లు ఎప్పుడు తీస్తారు? నేల ఆరాలి, దున్నాలి, మళ్లీ నీళ్లు పెట్టాలి. ఆ తర్వాతే కదా విమానంలోంచి విత్తనం చల్లేది! ఆలస్యమైతే కోత వానల్లో పడుతుంది. ఆ టెన్షన్ చేపకుంటుందా?

శ్రావణి: నది పొంగితే నీళ్లు ఈ పల్లంలోకి దాటే ఫ్రీమాంట్ అలుగును కోసి 2024లో తలుపులు పెట్టారు. నది మరీ పొంగకపోయినా చేపలు పల్లంలోకి దిగొచ్చు. మార్చి మధ్యకల్లా ఆ నీళ్లు ఆపాలన్న గడువు రైతుల కోసమే.

బాబాయ్: వరదకు క్యాలెండర్ తెలుసా?

శ్రావణి: వరద ఎటూ వచ్చేదే. ముంచే హక్కు ప్రభుత్వం ఎప్పుడో రాయించుకుంది.

బాబాయ్: వరదకు రాయించుకుంది, చేపకు కాదు. కావాలని నీళ్లు నిలబెడితే ఎకరానికి ఇంతని కట్టాల్సిందే.

శ్రావణి: కట్టాలి, ఒప్పుకుంటాను. తేదీ మాత్రం రైతు ఒక్కడే పెడితే కుదరదు.

బాబాయ్: అయితే బేరం మొదలెట్టు. నాది ఫిబ్రవరి 15.

శ్రావణి: నాది మార్చి 15. కౌలు నువ్వు చెప్పు.